మెట్లు లేని డాబా

ఎవరూ పిలవలేదు. ఆ పెద్దాయనే వచ్చి, తలకి తువ్వాలు చుట్టుకుని, ఇసుక తట్ట ఎత్తుకున్నాడు.

కోడూరు దాటాక సముద్రం వైపున్న పాలెం అది. ఉప్పెన తర్వాత పడగొట్టిన పాత బడి స్థలంలో, చర్చి వాళ్ళు పిల్లలకీ యువకులకీ ఒక హాలు కట్టుకుంటున్నారు. మేస్త్రి ఒక్కడే బయటివాడు. మిగతాదంతా శ్రమదానమే.

“ఏ ఊరు పెద్దాయనా?” అడిగాడు రాజారత్నం. యువజన సంఘానికి అతనే పెద్ద. హాలు కట్టి తీరాలన్న పట్టుదల కూడా అతనిదే.

“కృత్తివెన్ను అవతల. రొయ్యల చెరువు కాపలా. నాంచారయ్య అంటారు.”

“మీరు మా చర్చి సంఘం కాదుగా?”

“కాదు బాబూ. తట్ట మొయ్యడానికి ఏ దేవుడైతేనేం?”

అందరూ నవ్వారు. రాజారత్నమూ నవ్వాడు. చేసేవాణ్ణి కాదనడమెందుకు? ఆ రోజు నుంచి పెద్దాయన అక్కడే సిమెంటు బస్తాల పక్కన పడుకుని, అందరికంటే ముందు లేచి పనిలో దిగేవాడు.

స్లాబు పోసిన రోజు అందరూ భోజనాలకి కూర్చున్నారు.

“రాజారత్నం, నీ సాక్ష్యం చెప్పవయ్యా,” అన్నారు పాస్టరు గారు.

దేవుడు తనకి చేసిన మేలు పదిమంది ముందూ చెప్పుకోవడం వాళ్ళ ఆనవాయితీ. రాజారత్నం సాక్ష్యమంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. విన్నవాళ్ళే మళ్ళీ అడిగి చెప్పించుకుంటారు.

“ఉప్పెన నాటికి నేను చిన్నవాణ్ణి. ఇక్కడే, పాత బడి గోడ పక్కన, పీకల్లోతు నీళ్ళు. కళ్ళు పొడుచుకున్నా కనపడని చీకటి. నా చంకలో మేకపిల్ల. ‘యేసయ్యా’ అని కేక పెట్టాను. ఆయన దూతని పంపాడు! ఎవరో నా రెక్క పట్టుకుని పైకెత్తారు. మేకపిల్లని ఎక్కిస్తేగాని ఎక్కనని మొండికేశాను. దూత విసుక్కున్నాడా? లేదు! ముందు దాన్ని డాబా మీద పెట్టి, తర్వాత నన్ను ఎక్కించి, మాయమైపోయాడు.”

“హల్లెలూయా!” అన్నారందరూ.

“మేకపిల్ల బతికిందా బాబూ?” ఓ మూల నుంచి అడిగాడు నాంచారయ్య.

“బతక్కేం? ఆ క్రిస్మస్‌కే కూరైంది!”

నవ్వులే నవ్వులు. నాంచారయ్య విస్తరి మడిచి లేచాడు. అన్నం సగం అలాగే ఉంది.

మర్నాటి నుంచి ఆయనది ఒకటే పాట.

“డాబాకి మెట్లు కట్టించండి బాబూ.”

“ఎందుకూ? పిల్లలెక్కి, పడి, చేతులు విరగ్గొట్టుకోడానికా?”

“మళ్ళీ ఉప్పెనొస్తే?”

“అప్పుడు దూతని పంపినవాడు ఇప్పుడు పంపడా?”

“మెట్లుంటే అందరూ ఎక్కుతారు బాబూ. ఎవరు ముందు, ఎవరు వెనక అని చూసుకోనక్కర్లేదు.”

రాజారత్నానికి చిర్రెత్తుకొచ్చింది. పిలవని పేరంటానికి వచ్చిందే కాక, పెత్తనం కూడానా!

ఆదివారం సండే స్కూలు అయ్యాక గోడ దగ్గర పిల్లల కేకలు వినిపించాయి. రాజారత్నం పరిగెత్తుకెళ్ళాడు.

నాంచారయ్య ఓ పిల్లని భుజాల మీద నిలబెట్టి, డాబా అంచు అందుకోమంటున్నాడు. పిల్ల బిక్కచచ్చిపోయి ఏడుస్తోంది. ఆ పిల్ల ఎవరో కాదు, రాజారత్నం కూతురే.

“దింపు! తాగొచ్చావా?”

“లేదు బాబూ. చూడండి, అందట్లేదు. నా భుజాలెక్కినా అందట్లేదు...”

రాజారత్నం కూతుర్ని లాక్కుని, అందరూ చూస్తుండగా ఆయన చెంప ఛెళ్ళుమనిపించాడు.

“మళ్ళీ ఈ ఛాయలకొస్తే కాళ్ళు విరగ్గొడతాను!”

పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, బస్సు రోడ్డు వైపు నడిచాడు. పీడ వదిలిందనుకున్నాడు రాజారత్నం.

హాలు ప్రతిష్ఠ రోజున పాలెమంతా రంగు కాగితాలు కట్టారు. రాజారత్నం కాలు నేలమీద నిలవడం లేదు. అంతలో ఓ ముసలామె హాలు చుట్టూ తిరగడం చూశాడు.

“ఏం కావాలమ్మా?”

“మెట్లెటేపున్నాయి బాబూ? ఇక్కడ తట్టలు మోసిన నాంచారయ్య ఇంటిదాన్ని. చూసి రమ్మన్నాడు.”

“మెట్లు లేవు. తనే రావచ్చుగా?” అన్నాడు కాస్త కటువుగానే.

“పోయాడు బాబూ. పోయేముందు కూడా అదే మాట. మెట్లు కట్టారో లేదో చూసి రావే అని.”

రాజారత్నానికి ఆ చెంపదెబ్బ గుర్తొచ్చింది. మనసు చివుక్కుమంది.

“మెట్లంటే అంత పిచ్చేంటమ్మా ఆయనకి?”

“అప్పట్లో మాదీ ఈ పాలెమే బాబూ. ఉప్పెన నాడు నేను కృత్తివెన్నులో పుట్టింట్లో ఉన్నాను. పిల్లలిద్దరూ ఆయన దగ్గరే. బడి డాబా ఎక్కిద్దామని వాళ్ళని తన నడుం పట్టుకోమన్నాడట. పక్కనే ఎవరి బిడ్డో ‘యేసయ్యా’ అని ఒకటే ఏడుపు. పాపం ఒంటరివాడని ముందు వాణ్ణెత్తాడు.”

లోపల మైకులో పాస్టరు గారు పిలుస్తున్నారు. “రాజారత్నం గారూ, సాక్ష్యానికి రావాలి.”

రాజారత్నం గోడ పట్టుకున్నాడు.

“ఇక్కణ్ణించి వచ్చాక ఇంకో మాట కూడా అన్నాడు బాబూ. ‘ఆ పిల్లాడు బతికే ఉన్నాడే, చక్కటి కూతురు కూడా’ అని. ఎవరో మాత్రం చెప్పలేదు.”

మైకు మళ్ళీ పిలిచింది.

ముసలామె కొంగుతో కళ్ళద్దుకుని, మెట్లు లేని ఆ గోడకేసి చూస్తూ అంది:

“చంకలో ఉన్న మేకపిల్లని ముందు ఎక్కిస్తేగాని ఎక్కనని వాడు మొండికేశాట్ట బాబూ. దాన్ని ఎక్కించి, వాణ్ణి ఎక్కించి, ఈయన కిందికి వంగేసరికి మా పిల్లలిద్దరూ లేరు.”