అవతలి కంపెనీ బండి

శవవాహనం ముందున్న గుర్తు చూడగానే ఎడ్డీ వ్రోబెల్ ఉన్నచోటే ఆగిపోయాడు.

అవతలి కార్ల కంపెనీ గుర్తు.

చర్చి మెట్ల మీద, తండ్రి శవపేటిక మోస్తున్నవాళ్లంతా అతనితోపాటే ఆగిపోయారు. అందరూ బెల్‌మర్ మోటార్స్ మనుషులే. పేటికలో ఉన్న కాజిమిర్ కూడా బెల్‌మర్ మనిషే. మీసం రాకముందు ఇంజన్ల షాపులో అడుగుపెట్టి, అది పూర్తిగా నెరిశాక బయటికొచ్చాడు.

"ఇదేంటండీ నోవిట్‌స్కీ గారూ? డెట్రాయిట్‌లో పుట్టి పెరిగి, బెల్‌మర్ మనిషికి మీరు తెచ్చే బండి ఇదా?" అన్నాడు ఎడ్డీ.

అంత్యక్రియలు జరిపించే నోవిట్‌స్కీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మీ షెడ్డులో మన బెల్‌మర్ బండి ఉంది కదా?"

"ఉంది."

"మరి దాన్ని తెప్పించండి."

"ఇవాళ్టికి ఇదే, బాబూ."

"మా నాన్న ఇందులో ఎక్కడు. చచ్చినా ఎక్కడు!"

"చచ్చాకేగా ఎవడైనా అది ఎక్కేది," అని వెనకనుంచి గొణిగాడు బావ చెస్టర్.

ఎవరో కిసుక్కున నవ్వి, దాన్ని దగ్గుగా మార్చేశారు. ఎడ్డీ పళ్లు కొరుక్కున్నాడు. తన ట్రక్కులో తీసుకెళ్తానన్నాడు. వెనక టాపు లేని కొత్త బెల్‌మర్ ట్రక్కు. దాని ఇంజను తండ్రి పనిచేసిన షాపులోనే తయారైంది.

"మీ ఇష్టం," అన్నాడు నోవిట్‌స్కీ. వ్యాపారం చేసే మనిషి అంత తేలిగ్గా లొంగిపోవడం చూసి ఎడ్డీకి ఇంకా రోత పుట్టింది.

పేటిక ఎక్కించారు. వెనక తలుపు మూతపడలేదు. చెస్టర్ తాడు తెచ్చి కట్టసాగాడు. పక్కన నిలబడ్డవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

"నా బండి తలుపు మొన్న చేతికొచ్చేసింది."

"నయం. నాది వాన పడితే కదలదు. మా ఆవిడ అలకే నయం, సాయంత్రానికి తీరుతుంది."

"మా తమ్ముడి బండికి అడుగంతా తుప్పు. కాళ్ల కింద రోడ్డు కనిపిస్తోందట."

"నోళ్లు ముయ్యండ్రా," అన్నాడు ఎడ్డీ.

ఇవి ఇంట్లో అనుకునే మాటలు. బయటివాడి ముందు ఒక్కడూ అనడు. ఇందాక చర్చిలో ఫాదర్ కూడా అనలేదు. కాజిమిర్ గురించి చెబుతానని మొదలుపెట్టి బెల్‌మర్ చరిత్రే చెప్పాడు. గుర్రబ్బగ్గీలు చేసే కొట్టంలో అన్నదమ్ములిద్దరు మొదటి కారు బిగించడం, యుద్ధంలో ట్యాంకులు చేయడం, యుద్ధమయ్యాక చేప రెక్కల్లాంటి తోకలున్న కార్లకోసం జనం బారులు తీరడం. అక్కడితో ఆపేశాడు. లెక్కల మనుషులు పెత్తనానికొచ్చి, రేకు పలచబడి, బోల్టుల సంఖ్య తగ్గి, అమ్మిన కార్లు చెడిపోయి తిరిగి రావడం మొదలైన ఏళ్లు ఆ ప్రసంగంలో లేవు. జనమంతా తలలూపారు. ఎడ్డీ అందరికంటే ఎక్కువ ఊపాడు. ఊపుతున్నంతసేపూ నోట్లో ఇనుప రుచి ఊరింది.

లోపల ఏదైనా అనుమానం కదిలినప్పుడల్లా అతనికి బయట ఎవరో ఒకరి మీద అసహ్యం పుట్టేది. ఆ అసహ్యం పుట్టగానే అనుమానం అణిగిపోయేది. ఇవాళ అది నోవిట్‌స్కీ వంతు.

ట్రక్కు కొన్నరోజు గుర్తుకొచ్చింది. తండ్రి బయటికొచ్చి దాని చుట్టూ ఒకసారి నడిచాడు. తలుపు సందులో గోరు పెట్టి చూశాడు. ఏమీ అనకుండా లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. పొంగిపోయిన మనిషికి మాటలు రావని ఎడ్డీ అప్పుడు అనుకున్నాడు.

తల్లి స్టెఫానియా చెస్టర్ కారు అద్దం దించింది.

"ఈ చలిలో మీ నాన్నని బంగాళదుంపల బస్తాలా తీసుకెళ్తావేంట్రా?"

"నాన్న చేసిన బండమ్మా ఇది!"

ఆమె అద్దం ఎత్తేసుకుంది.

ఊరేగింపు కదిలింది. అద్దంలో చూస్తే అన్నిటికంటే వెనక ఆ నల్లబండి. ఖాళీగా, మెత్తగా, చప్పుడు లేకుండా వస్తోంది. ఇంకా ఎందుకు వెంటబడ్డాడు? కిరాయి వదులుకోలేకనా? సిగ్గులేని జన్మ! ఎడ్డీ అద్దాన్ని పక్కకి తిప్పేశాడు.

శ్మశానం కంచె కనిపించే మలుపులో ట్రక్కు ఒకసారి దగ్గింది. మళ్లీ దగ్గింది. ఆగిపోయింది.

తాళం తిప్పాడు. లేదు. మళ్లీ తిప్పాడు. లేదు. కాలిన రబ్బరు కంపు లోపలంతా పరుచుకుంది. బెల్‌మర్ మనుషులంతా కోట్లు విప్పి బానెట్ చుట్టూ మూగారు. ఇంజన్లు బిగించినవాళ్లూ, తనిఖీ చేసినవాళ్లూ, రంగులు వేసినవాళ్లూ. ఒకడు తీగ కదిపాడు. ఒకడు బూతు తిట్టాడు. మిగతావాళ్లు చేతులు నలుపుకున్నారు. ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోలేదు.

సన్నగా మంచు మొదలైంది. పేటిక మీద పేరుకుంటోంది. చెస్టర్ తన టోపీతో దాన్ని తుడుస్తున్నాడు. అది చూశాక ఎడ్డీకి తన చేతుల మీద, ఆ చేతులకంటుకున్న నూనె మీద కూడా రోత కలిగింది.

నల్లబండి నెమ్మదిగా వచ్చి ట్రక్కు పక్కన ఆగింది. నోవిట్‌స్కీ దిగాడు. వెనక తలుపు తెరిచాడు.

ఎడ్డీ అతని కోటు కాలరు పట్టుకున్నాడు. "రాబందులా దీనికోసమే కాచుకుని వచ్చావా? మా బండి దారిలో ఆగుతుందని నీకెవడు చెప్పాడు?"

నోవిట్‌స్కీ ఆ చేతిని విడిపించుకోకుండానే, "మీ నాన్నగారే బాబూ, కిందటి చలికాలం నా షెడ్డుకొచ్చి బెల్‌మర్ బండి వద్దని దీన్ని ఏరుకుని, 'మావాడు ఒప్పుకోడు, వాడి ట్రక్కులోనే ఎక్కిస్తాడు, ఆ ఇంజన్లు బిగించినవాణ్ని కాబట్టి చెబుతున్నా, నువ్వు ఎదురు చెప్పకుండా మా వెనకాలే రా' అన్నారు," అన్నాడు.