నాలుగు తీగలు

జ్యోత్స్న ఎడమచేతి చిటికెన వేలు తీగలను తాకడం లేదు. మిగతా వేళ్ళు కదులుతుంటే, అది ఒక్కటే పక్కన ముడుచుకుని ఉంది.

యుకులేలే అనే బుల్లి గిటారును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎదకు ఆనించుకుంది. దానికి నాలుగే తీగలు. అవీ మెత్తని నైలాన్‌వి.

మొన్నటిదాకా నా మనవరాలు పెద్ద కరెంటు గిటారు వాయించేది. హెవీ మెటల్ అట. అది మొదలుపెడితే కాడుగోడి స్టేషన్లో రైలు వచ్చినా మా ఇంట్లో వినబడేది కాదు.

జనవరిలో ఆ గిటారును పెట్టెలో పెట్టేసింది. అవే పాటలను ఇప్పుడు దీని మీద, మెల్లగా, జోలపాటల్లా వాయించి ఫోనులో పెడుతోంది.

"ఎనభై వేల మంది చూసినారవ్వా! కొత్త స్టైల్ అంటా ఉండారు. ఇంత స్లోగా వింటే ఏడుపొచ్చిందని రాసినారు."

"పెద్దది ఎందుకు మానేస్తివి?"

"బోర్ కొట్టిందప్పా. బ్యాండోళ్ళకు కూడా చెప్పేసినా."

నీళ్ళ సీసా నా ముందుకు జరిపింది. "మూత తీసియ్యి."

నాకు డెబ్బై దాటాయి. తీసిచ్చాను. తాగి, మళ్ళీ వాయించసాగింది.

ఈమధ్య పాల ప్యాకెట్టు కూడా పళ్ళతోనే చింపుతోంది. గుండీల చొక్కాలు వేసుకోవడం లేదు. వాళ్ళమ్మ సునీతకు నర్సు డ్యూటీలతోనే సరిపోతుంది. కూతురి చొక్కాలు ఎక్కడ చూస్తుంది?

నేను చూస్తున్నాను.

మా ఆయన ఇస్సాకు బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో కటింగ్ మాస్టరు. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవాడు.

ఒక ఏడు ఉన్నట్టుండి పాటలన్నీ నిదానం చేసేశాడు. సాగదీసి పాడితే దేవుడు దగ్గరికొచ్చి వింటాడనేవాడు.

ఇస్సాకుకు భక్తి పెరిగిందని సంఘమంతా అన్నారు. నేనూ అన్నాను.

మరుసటి క్రిస్మస్‌కు అన్నం కలిపి నేనే ఆయన నోట్లో పెట్టాను. ఆ పై క్రిస్మస్‌కు ఆయన లేడు, మా ఇంట్లో నక్షత్రం కట్టలేదు.

జ్యోత్స్న అప్పటికి పుట్టలేదు. తాతకు జబ్బు చేసిందని మాత్రమే దానికి తెలుసు. అది వేళ్ళ దగ్గర మొదలైందని మేమెవరమూ చెప్పలేదు.

పాట అయిపోయింది.

"ఊరంతా చెప్తా ఉండారు. నువ్వూ బాగుండాదని ఒక మాట చెప్పవ్వా."



"పోయిన వారం ఇదే పాట ఇంకొంచెం జోరుగా ఉండె కదా?"

"అబ్బో! మెటల్ గురించి నీకేం తెలుసు?"

"పాట నాకేం తెలుస్తుంది పాపా. నీ చెయ్యే చూస్తా ఉండా."

అది నవ్వబోయి ఆగిపోయింది. యుకులేలేను మంచం మీద పెట్టి, ఎడమచేతిని ఒడిలో దాచుకుంది.

"అమ్మకు చెప్పొద్దు. స్ట్రెయిన్ అంతే."

"ఎప్పటి నుంచి?"

"దసరా నుంచి. తగ్గిపోతాదిలే."

దగ్గరికి జరిగాను. ఆ చేతిని బయటికి తీసి, అరచేతిలో నా రెండు వేళ్ళు పెట్టాను. ఇస్సాకును పరీక్షించిన డాక్టరు ఇలాగే పెట్టాడు.

చెయ్యి వెచ్చగా ఉంది.

"గట్టిగా పట్టుకో పాపా."

వీధిలో పూలమ్మే ఆమె కేక వేసుకుంటూ పోయింది. నేను ఎదురు చూశాను.

"ఊఁ. పట్టుకో."

"పట్టుకునే ఉండాను కదవ్వా."