అడ్డుపుల్ల తాత

అద్దె స్కూటరు స్టార్ట్ చేసి ఆమె బ్రేకు వదలబోతుండగా వెనక సీటు కిర్రుమంది.

తిరిగి చూస్తే ఎవరో ముసలాయన. ఎక్కి కూర్చుని, తీరిగ్గా చెప్పులు సర్దుకుంటున్నాడు.

“ఎవరండీ మీరు?”

“ముందు ఉత్తరం వైపు పోనివ్వమ్మా. ఎండెక్కితే అక్కడి రాళ్ల మీద కాలు పెట్టలేవు.”

“నాకు గైడు అక్కర్లేదు.”

“నేను గైడుని కాదుగా.”

లాడ్జి యజమానురాలు తీగ మీద దుప్పట్లు ఆరేస్తూ నవ్వింది.

“అడ్డుపుల్ల తాతండీ. కొత్తవాళ్లెవరొచ్చినా వెంటపడతాడు. పైసా పుచ్చుకోడు, పొమ్మంటే పోడు. దించాలని చూడకండి, మీ టైమే దండగ.”

మనిషి చూస్తే పుల్లలా ఉన్నాడు, బరువేమీ కాదు. సరే, కూర్చోనీ అనుకుని ఆమె స్కూటరు పోనిచ్చింది.

ఆమె యాత్రల పుస్తకాలు రాస్తుంది. ఇప్పటికి పద్నాలుగు దీవులు చుట్టింది. ఇది పదిహేనోది. గట్టిగా నడిస్తే ఒక్క పూటలో చుట్టేయగల దీవి. అయినా తొమ్మిది బీచిలున్నాయి, ఒకదాని పోలిక ఇంకోదానికి లేదు. మూడు రోజులు చాలనుకుని వచ్చింది.

ఉత్తరాన ఇసుకే లేదు. అన్నీ కోడిగుడ్లంత నల్లరాళ్లు. అల వెనక్కి పోయినప్పుడల్లా బస్తాలోంచి గింజలు ఒలకబోసినట్టు గలగలమన్నాయి.

“బూట్లు లేకుండా రావద్దని రాయమ్మా,” అన్నాడు తాత, ఆమె చేతిలో నోటుపుస్తకం చూసి.

తర్వాతిది కొండ కింద. ఇటుకరంగు ఇసుక.

“మెట్లకి నాచుంది. అది కూడా రాయి.”

ఆ పక్కనే ఒక బురద తీరం. వేలెడంత లేని పీతలు వేలకు వేలు. మనిషి నీడ పడగానే అన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఆమె మైమరచి చూస్తుంటే, మోకాళ్లదాకా దిగబడిపోతావని తాత చెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

“ఒక్కచోటైనా బాగుందని రాయనిస్తారా తాతా?”

“బాగున్నది ఎవరి కళ్లకైనా కనబడుతుంది. కనబడనిదే కదమ్మా రాయాల్సింది.”

రెండో రోజు సాయంత్రం దక్షిణాన ఉన్న వంపుకి వెళ్లారు. ఊళ్లోవాళ్లు దాన్ని పళ్లెం అంటారు. చుట్టూ రాతి అంచు, దానికి ఒకచోట సన్నటి సందు, మధ్యలో కదలని నీలం నీళ్లు. పిండిలాంటి తెల్లటి ఇసుక.

ఆమె అక్కడే కూర్చుని రాసుకుంది. ‘పిల్లలతో వచ్చేవారికి ఇంతకన్నా మంచి చోటు ఈ దీవిలో లేదు.’

తాత భుజం మీదుగా తొంగిచూశాడు.

“ఆ వాక్యం కొట్టెయ్యమ్మా.”

“ఏం? ఇక్కడ అలే లేదుగా.”

“అదే దీంతో వచ్చిన చిక్కు. ఆటు మొదలై సముద్రం వెనక్కి తగ్గితే నీళ్లన్నీ ఆ రాళ్ల సందులోంచే బయటికి పోతాయి, మనిషినీ లాక్కుపోతాయి. లాగినప్పుడు ఎదురీదకూడదు. ఒడ్డు వెంబడి అడ్డంగా ఈదాలి.”

రెండు రోజుల విసుగు ఒక్కసారిగా బయటపడింది.

“పెద్దాయనా, పద్నాలుగు పుస్తకాలు రాశాను నేను. జన్మలో ఒక్క పేజీ రాయని మీరా నా వాక్యాలు దిద్దేది?”

తాత నీళ్లవైపు తిరిగాడు. తిరుగుదారిలో స్కూటరు ఎక్కలేదు, నడిచే వస్తానన్నాడు.

మూడో రోజు పొద్దున్నే, ఆయన కంటపడకుండా ఆమె ఒక్కతే పళ్లేనికి వెళ్లింది. చిన్నప్పుడు ఈతలో కప్పులు గెలుచుకున్న మనిషి. ఆ నీళ్లు తనని ఏం చేస్తాయిలే అనుకుంది.

నడుములోతు దాకా బాగానే ఉంది. ఇంకో నాలుగు బారలు వేసింది.

పాదాల కింది ఇసుక జారిపోయింది. ఒడ్డు దూరమవుతోంది.

బలమంతా పెట్టి ఒడ్డుకేసి ఈదింది. ఉన్నచోటే ఉంది. మళ్లీ ఈదింది. ఇంకా వెనక్కి పోయింది. చేతులు సీసంలా బరువెక్కాయి. గొంతులోకి ఉప్పునీళ్లు పోయాయి.

ఎదురీదకూడదన్నాడు.

ఆమె ఒడ్డుకేసి చూడటం మానేసింది. అడ్డంగా, ఎడమవైపుకి, ఒక్కో బారా లెక్కపెట్టుకుంటూ ఈదింది. ముప్ఫై దాటాక నీళ్ల పట్టు వదిలింది. మోచేతులు గీరుకుపోయినా రాతి అంచు పట్టుకుని పైకి పాకింది.

మధ్యాహ్నం పడవ ఎక్కేటప్పుడు రేవులో తాత కనిపించాడు. ఇద్దరు పిల్లలతో దిగిన ఒక జంటకి చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. ఆ ఇల్లాలు విసుగ్గా మొహం తిప్పుకుంది.

దగ్గరికెళ్లి ఒక్క మాట చెప్పాలనుకుంది. నిన్న అన్న మాట గుర్తొచ్చి ఆగిపోయింది. పుస్తకం వచ్చాక దాన్ని చేతిలో పెట్టే చెబుదాంలే అనుకుంది.

పుస్తకం రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. దీవిలో దిగగానే కాపీ పట్టుకుని నేరుగా లాడ్జికి వెళ్లింది.

“తాత ఎక్కడ దొరుకుతాడండీ? ఇది చూపించాలి. పళ్లెం గురించి ఆయన చెప్పిందే పెద్ద అక్షరాల్లో వేయించాను.”

లాడ్జి యజమానురాలు చేతిలో పని ఆపింది.

“ఆయన పోయి రెండు నెలలైందమ్మా. నిద్రలోనే.”

ఆమె పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది.

“సొంతవాళ్లెవరూ లేరా?”

“అందర్నీ వదులుకునే వచ్చాడు. బతికున్నన్నాళ్లూ తనెవరో ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు.”

యజమానురాలు పుస్తకం అందుకుని ఆ పేజీ తీసింది. పెద్ద అక్షరాల మీద వేలు పెట్టి నెమ్మదిగా చదువుకుంది. తర్వాత చెప్పింది.

“ముప్ఫై ఏళ్ల కిందట ఈ దీవి మీద మొదటి పుస్తకం రాసింది ఆయనేనమ్మా, పళ్లెం పిల్లలకి భలే క్షేమమని రాసిందీ ఆయనే, అది చదివి తల్లిదండ్రులు తీసుకొచ్చిన ఇద్దరు పిల్లలు తిరిగి ఇంటికి పోలేదని తెలిసిన రోజునే పడవెక్కి వచ్చాడు, మళ్లీ వెనక్కి వెళ్లలేదు.”