పాత రేటు కండువాలు

నారపరెడ్డి కొత్త కండువాను బకెట్లో ముంచి పైకి తీశాడు. తన పార్టీ ముదురు నీలం రంగు కరిగి నీళ్ళలోకి దిగిపోయింది. చేతిలో మిగిలిన గుడ్డ లేత గులాబీకి తిరిగింది. దాని నడుమ పెద్ద గంట బొమ్మ.

ఎదుటి పార్టీ గుర్తు.

"ఏంది సాయిబూ ఇది?"

ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి నూర్ అహ్మద్ ఒక అడుగు వెనక్కి వేశాడు. జమ్మలమడుగులో రెడ్డి ఇంటి వసారాలో నిలబడితే ఎవరికైనా అంతే. పైగా వెనక ఇనుప గేటు మూసిన చప్పుడు వినబడింది. మూసింది పాలయ్య, రెడ్డికి కుడిభుజం. అతని నడుము దగ్గర చొక్కా ఎత్తుగా ఉంది.

"మా ఆడది ఊరికే తడిపింది గాబట్టి తెలిసిందన్నా," అన్నాడు పాలయ్య. "రేపు పులివెందుల మీటింగులో నాలుగు చినుకులు పడిండింటే మనోళ్ళంతా ఆ గంట భుజానేసుకోని నీకు జిందాబాద్ కొడతా ఉందురు. ఆ గంట పార్టీ చలమారెడ్డి ఎంతిచ్చినాడో అడుగు ఈయప్పను."

"అల్లా తోడు, చలమారెడ్డి గడప కూడా తొక్కలేదన్నా!"

"మరి?" అన్నాడు రెడ్డి.

నూర్ అహ్మద్ లోపల లెక్క కట్టుకున్నాడు. నిజం చెబితే వ్యాపారం పోతుంది. అబద్ధం చెప్పి దొరికితే మనిషే పోతాడు. నిజమే చవక.

"పోయిన ఎలక్షన్ రేటుకే కావల్లంటివి. అప్పటి దూది ధర యాడ, ఇప్పటి ధర యాడ? చైనావోళ్ళు బేళ్ళకు బేళ్ళు కొనుక్కపోతాండారు. నూలు పట్టుకుంటే కాలుతాంది. పాలిస్టర్ తెద్దామంటే క్రూడాయిల్ పెరిగి అదీ పైకెక్కె. ఈ ఎండలకు దాన్ని మెడకు తగిలించుకునేవాడూ ల్యాడు. కుట్టుకూలి తగ్గదు, లారీ బాడుగ తగ్గదు. ఇంక తగ్గించేది గుడ్డలోనే గదన్నా."

"ఊఁ. తగ్గించినావు."

"సూరత్‌లో ఒక సేటు దగ్గర ఆ గంట పార్టీ సరుకు పడిండాది. పోయినసారి ఆర్డరిచ్చి ఎత్తుకోలేదంట. సగం ధర. పైన నీలం ఎక్కించి ఇస్తానన్నాడు. శానా గట్టి రంగు, పోదని ఒట్టు కూడా పెట్టె."

"వాళ్ళు వద్దన్న గుడ్డ మా మెడకేస్తివే!" పాలయ్య ముందుకు దూకబోయాడు.

రెడ్డి చెయ్యెత్తి ఆపాడు. కండువాను గట్టిగా పిండి, వెలుతురుకు పట్టి చూశాడు. నీలం జాడ ఎక్కడా లేదు.

"అన్నీ ఇట్లాంటివేనా?"

"అన్నీ," అన్నాడు నూర్ అహ్మద్, తనకే వినబడనంత మెల్లగా.

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో ఆ గడ్డమీద పుట్టినవాడికి విడమరచి చెప్పనక్కర్లేదు. నూర్ అహ్మద్ చేతులు జోడించాడు. "నాకూ ఆ సేటుకే అన్నా. దుడ్లు వాపసిస్తా. సరుకంతా తోలుకపోతా. పెండ్లాం బిడ్డలు గలోణ్ణి..."

"మీ ఇంట్లో?"

"చెప్పల్యా."

"పాలయ్యా, నువ్వు పోయి గేటు బయట ఉండేటోళ్ళను దూరంగా పొమ్మను."

గేటు తెరుచుకుని మళ్ళీ మూసుకుంది. రెడ్డి దగ్గరికి వచ్చి తడి కండువాను నూర్ అహ్మద్ మెడ చుట్టూ వేశాడు. చల్లటి నీళ్ళు వీపు మీదుగా జారాయి. రెండు కొసలూ పిడికిట్లో బిగించి ముఖాన్ని తన ముఖం దాకా లాక్కున్నాడు. నూర్ అహ్మద్ కళ్ళు మూసుకుని, ఆఖరి ప్రార్థనగా కలిమా అందుకున్నాడు.

"రేపు మీటింగులో మన పార్టీ పెద్దోళ్ళు టికెట్టుకు నా పేరు చెప్పకపోతే," రెడ్డి చెవిలో గుసగుసలాడాడు, "ఎల్లుండి గంట పార్టీవోళ్ళు చలమారెడ్డిని పక్కనబెట్టి నాకు టికెట్టు ఇస్తామంటాండారు. ఇంకో పదివేలు దింపు సాయిబూ, అచ్చం ఇట్లాంటివే!"