గోదాము కాటా

"చెప్పులు విప్పినా అంతేనా?" కూతురు బరువు చూసే యంత్రం దిగకుండానే అడిగింది.

"ఇంకేం విప్పుతావమ్మా? దిగు," అంది నర్సు. "నెలలో ఐదు కిలోలు. మీ ఆయన తిండి కూడా నువ్వే తింటున్నావా ఏంటి?"

డాక్టరమ్మ నవ్వలేదు. "ఐదో నెలకి ఇది ఎక్కువే. తిండి వల్ల కావచ్చు, ఒంటికి నీరు పట్టి కావచ్చు, షుగరూ కావచ్చు. మామూలుగా ఆ పరీక్ష వచ్చే నెల చేస్తాం. మీ అమ్మగారికి కాన్పప్పుడు షుగర్ ఉండి ఉంటే మాత్రం ఆగను. ఇవాళే చేస్తాను, తేలితే మందూ మొదలుపెడతాను. ఆలస్యమైతే నీకూ బిడ్డకూ ముప్పు."

పరీక్ష అంటేనే కూతురికి భయం. సూదిని చూస్తే కళ్ళు తిరుగుతాయి.

"నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ బస్తాలా అయిందట డాక్టరుగారూ. అదంతా మంచులా కరిగిపోయింది. చూడండి, పుల్లలా ఎలా ఉందో. పొట్ట మీద చార కూడా లేదు. అమ్మా, కాటా కథ చెప్పవే."

పక్క స్టూలు మీద మంచినీళ్ళ సీసా పట్టుకుని కూర్చున్న తల్లి ముఖం వెలిగింది. చిన్నప్పుడు ఆ కథ వింటేనే గానీ కూతురు నిద్రపోయేది కాదు.

"దూది గోదాములో పని అప్పుడు. మేస్త్రీ భోజనానికి వెళ్ళగానే కాటా ఖాళీ. కాటా దూలం మీద ఇనప గుండు చల్లగా తగిలేది. వేలితో ఒక్కో గీతా జరిపితే, దూలం మెల్లగా లేచి గాల్లో నిలిచేది. వారం వారం గుండు ముందుకే. 'ఇంకో దూది బేలు ఎక్కిందర్రా' అని గోదామంతా ఒకటే నవ్వు."

"పిన్ని కూడా ఉండేదిగా?"

"రోజూ నాకు క్యారేజీ తెచ్చేది. అందరికంటే అదే పగలబడి నవ్వేది."

కూతురికి పిన్ని గోడ మీద ఫోటోగానే తెలుసు. తనకు ఊహ తెలియకముందే ఆవిడ పోయింది.

"కూజాడు నీళ్ళ సంగతి మరిచిపోయావే," గుర్తుచేసింది కూతురు.

"కూర్చున్న పళాన కూజా ఖాళీ. మళ్ళీ దాహం, మళ్ళీ..." తల్లి మాట అక్కడే ఆగింది.

డాక్టరమ్మ తలెత్తింది. "అంత దాహమా? పరీక్ష చేయించారా?"

"అప్పట్లో మాకెవరు చెప్పారండీ."

"ఇప్పుడు మీకు షుగర్ ఉందా?"

"లేదు. మొన్ననే చూశారు."

"నేను చెప్పలా?" అంది కూతురు.

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. "సరే, అయితే వచ్చే నెలే చేద్దాం."

కూతురు బతికిపోయాననుకుని లేచింది. తల్లి లేవలేదు. కూతురి మణికట్టు పట్టుకుంది.

"ఇవాళే చెయ్యండి డాక్టరుగారూ."

"ఇప్పుడేమైందమ్మా నీకు? నీకు లేదన్నావుగా."

తల్లి చూపుడువేలు బల్ల అంచు మీద, ఏదో బరువైనదాన్ని జరుపుతున్నట్టు, మెల్లగా కదిలింది.

"ఆ గుండు జరిపింది నేను తల్లీ," అంది.

"కాటా ఎక్కింది మీ పిన్ని."