మెకానిక్ చెప్పిన పాఠం

“నావల్ల కాదు. నన్ను వదిలెయ్యండి,” అన్నాడు స్కూటర్ మెకానిక్, తాగుతున్న నీళ్ల గ్లాసు ఠక్కున కింద పెట్టి.

“ఒక్క గంటే కదా నాన్నా!” అంది కూతురు.

“బండి కింద గంటసేపు పడుకోమను, పడుకుంటా. క్లాసులో నిలబడి మాట్లాడమంటే మాత్రం నాకు నోరు పెగలదు.”

హైస్కూలు పిల్లల కోసం కాలేజీలో వేసవి సెలవుల్లో నడిపే సైన్సు తరగతులవి. నడిపేది ఫిజిక్స్ మేడం. ఫీజు పేరుకే ఉంది. ఆ ఫీజుతో బయటి లెక్చరర్లను పిలవడం కుదిరే పని కాదు. అందుకని చేరే ప్రతి పిల్ల తరఫునా అమ్మో నాన్నో వచ్చి తమ పని గురించి గంటసేపు చెప్పాలని ఆవిడ నియమం పెట్టింది. చెప్పకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

“మీ అమ్మ చెప్పొచ్చుగా?”

“చెప్పేదాన్నే. రేపు నాకు ఆస్పత్రిలో పొద్దుటి డ్యూటీ,” అంది భార్య. “అయినా నోరు పెగలదంటారేంటి? షెడ్డులో మీరు అరిస్తే వీధి చివరిదాకా వినపడుతుంది.”

“అది బండ్ల మీదే. మనుషుల మీద కాదు.”

“అయితే అక్కడా మనుషుల్ని చూడకండి.”

కూతురు ఆ మాట అందిపుచ్చుకుంది. “అవును నాన్నా! బోర్డు వైపు తిరిగి బండి బొమ్మ గీసుకుంటూ చెప్పెయ్. వెనక్కి తిరక్కు. క్లాసులో ఎవరూ లేరనుకో.”

మెకానిక్ కూతురి మొహంలోకి చూశాడు. సెలవులిచ్చినప్పటినుంచీ పిల్ల ఆ సీటు గురించే కలవరిస్తోంది. తన నోరు పెగలక అది పోయిందంటే ఇక ఆ మొహం చూడగలడా?

“సరే, వచ్చి ఏడుస్తాలే,” అన్నాడు.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కూతుర్ని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని కాలేజీకి వెళ్లి, బండి గేటు దగ్గర పెట్టాడు. పానాలు, స్క్రూడ్రైవర్లు ఉన్న సంచీ కూడా పట్టుకెళ్లాడు. అది చేతిలో ఉంటే కాస్త ధైర్యం.

మేడం పరిచయం చేసి తన గదికి వెళ్లిపోయింది. క్లాసు నిండా కళ్లే. మెకానిక్ సంచీ గుమ్మం దగ్గరే వదిలేసి, అందరికీ ఓ దణ్ణం పెట్టి, గిరుక్కున బోర్డు వైపు తిరిగాడు.

“ఇది స్కూటరు,” అంటూ గీశాడు. తీరా చూస్తే మేకలా వచ్చింది. వెనక కిసుక్కుమన్నారు.

“మేకలా ఉంది కదూ? ఫర్వాలేదు. ఇదీ అంతే, బతిమాలందే కదలదు.”

ఈసారి క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వుతో మెకానిక్ గొంతు తెరుచుకుంది.

“ముందు సీటు ఎత్తాలి. దాని కింద నట్లుంటాయి. అవి విప్పితే పక్క డొప్పలు ఊడొస్తాయి. లాక్కూడదు. బుజ్జగించాలి, అలిగిన కొత్తల్లుణ్ణి బుజ్జగించినట్టు.”

“తర్వాత?” అన్నారెవరో.

అతనికి ప్రాణం లేచొచ్చింది. పిల్లలు వింటున్నారు! “తర్వాత ప్లగ్గు. దాని పక్కనే కార్బొరేటర్...”

“నట్టు బిగుసుకుపోతే ఎలా అంకుల్?” కిటికీ వైపునుంచి ఇంకో గొంతు.

“చుక్క నూనె వేసి కాసేపు ఆగాలి. దాంతో కుస్తీ పడితే అదే గెలుస్తుంది.”

“ఆ తర్వాత?”

సైలెన్సర్ చెప్పాడు, బ్రేకులు చెప్పాడు, చక్రాలు చెప్పాడు. బోర్డు నిండిపోయింది. చొక్కా చేతులు సుద్దతో తెల్లబడ్డాయి. అతనికి షెడ్డు గుర్తులేదు, భయం అంతకన్నా గుర్తులేదు.

“ఇంక మిగిలేది అస్థిపంజరమే. అర్థమైందా?” అంటూ గర్వంగా వెనక్కి తిరిగాడు.

క్లాసు ఖాళీగా ఉంది. ఒక్క పిల్ల లేదు. ఆఖరికి సొంత కూతురు కూడా లేదు.

విసుగొచ్చి అందరూ లేచిపోయారు. సీటు పోయినట్టే అనుకున్నాడు మెకానిక్. సంచీ కోసం గుమ్మం దగ్గర తడుముకున్నాడు. అదీ లేదు. వట్టి చేతులతో వరండాలోకి వచ్చేసరికి మేడం ఎదురైంది.

“తప్పు నాదేనండీ,” అన్నాడు చేతులు జోడించి. “నాకు చెప్పడం రాదు. పిల్ల సీటు మాత్రం తీసెయ్యకండి.”

“సీటు తియ్యడమా? భలేవారే!” మేడం నవ్వింది. “మా పిల్లలు ఏ పాఠానికీ ఇంత ఉత్సాహం చూపలేదండీ. మీరు చెబుతుంటే కిటికీ అవతల కూర్చుని చేసి చూస్తామని మీ అమ్మాయే వచ్చి అడిగింది. విప్పినా మీ బండే కదా, మళ్లీ మీరే బిగించుకుంటారని సరేనన్నా. సీటు ఖాయం, నిశ్చింతగా వెళ్లండి. నేనూ తాళాలు తీసుకుని బయల్దేరతాను, ఇంటికి చుట్టాలొస్తున్నారు.”

మెకానిక్ ఒక్క ఉరుకులో భవనం పక్కకు వెళ్లాడు. కిటికీ కింద నీడలో పాత పేపర్లు పరిచి ఉన్నాయి. వాటి మీద నట్లు, డొప్పలు, ప్లగ్గు, సైలెన్సర్, చక్రాలు, అన్నీ తను చెప్పిన వరసలోనే పేర్చి ఉన్నాయి. మధ్యలో నిజంగానే అస్థిపంజరం. చుట్టూ మోచేతుల దాకా గ్రీజుతో పిల్లలు. అతనికి ఆనందంతో కళ్లు చెమర్చాయి.

ఆ కళ్లు తుడుచుకుని గేటు వైపు చూశాడు. తన స్కూటరు పెట్టినచోటే, పెట్టినట్టే నిలబడి ఉంది.

“ఒసేయ్,” అన్నాడు, “ఇది ఎవరి బండే?”

కూతురు నల్లబడ్డ చేత్తో ముక్కు తుడుచుకుంది. “మేడం గారిది. మనది విప్పేస్తే ఇంటికెలా వెళ్తాం నాన్నా?”