చేతి వాచీకి వచ్చిన ఫోను

అట్టకు జిగురు రాస్తున్న బైండింగ్ మేస్త్రీ ఉలిక్కిపడ్డాడు.

చేతికున్న వాచీ మోగుతోంది.

కూతురు కొనిచ్చి వారమైంది. ఫోన్లు బాగుచేసే షాపులో, ఎవరో వాడి ఇచ్చేసినది. “గుండె ఎలా కొట్టుకుంటోందో అదే చెబుతుంది నాన్నా. షాపతను అన్నీ పెట్టే ఇచ్చాడు, మీరేం నొక్కక్కర్లేదు” అంది. దానికి ఫోను కూడా వస్తుందని మేస్త్రీకి ఆ క్షణం దాకా తెలియదు.

“బాబూ, కాసేపు కూర్చోండి” అంది, ఏదో నొక్కగానే వాచీలోంచి ఒక పెద్దావిడ గొంతు. “మీ గుండె నూట నలభై కొట్టుకుంటోంది.”

“ఎవరండీ మీరు?”

“నా ఫోన్లో కనిపిస్తోంది బాబూ. ఆ వాచీ...”

“ఏ ఆసుపత్రి మీది? పరీక్షలూ ప్యాకేజీలూ నాకేం వద్దు!”

జిగురు వేలితోనే నొక్కి ఆపేశాడు.

పక్కన కాగితాలు మడతపెడుతున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు.

“మేస్త్రీ గారికి మణికట్టులోంచే ఫోన్లొస్తున్నాయర్రోయ్!”

ఆయనా నవ్వాడు. నవ్వుతుంటే ఆయాసం వచ్చింది.

బడులు తెరిచేలోగా నలభై వేల పాఠ్యపుస్తకాలు కుట్టి, అట్టలేసి పంపాలి. ఒంట్లో బాగాలేదంటే కూతురు పని మాన్పించేస్తుంది. అందుకే ఛాతీ పట్టేసినప్పుడల్లా గ్యాసేలే అనుకుని గ్లాసుడు నీళ్లు తాగి ఊరుకునేవాడు.

నాలుగు రోజులకు వాచీ మళ్లీ మోగింది.

“పొద్దున పదింటికి ఏమైనా బరువెత్తారా? అప్పుడు గుండె లయ తప్పింది బాబూ.”

మేస్త్రీ సరిగ్గా పదింటికే కాగితం కట్టలు మోశాడు.

“నా మీద కన్నేసి ఉంచారా? పోలీసులకు చెబుతాను!”

“చెప్పండి. ముందు డాక్టరుకు చెప్పండి.”

ఆ తర్వాత మరో రెండుసార్లు చేసింది. రెండోసారి మేస్త్రీ ఓపిక చచ్చిపోయింది.

“ఏవమ్మా, మీకు వేరే పనీపాటా లేదా?”

“లేదు బాబూ” అందావిడ.

ప్రెస్సు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే అమ్మాయిని బతిమాలి, ఆ నంబరు ఇక రాకుండా చేయించాడు. కూతురికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం కాగితం కోసం వెనక గోదాములోకి వెళ్లాడు. రెండు కట్టలు దించాడు. మూడోది దించబోతే ఎడమ చెయ్యి మాట వినలేదు. అరుద్దామనుకున్నాడు. ముందు గదిలో కటింగ్ మిషను హోరు. కట్టల మధ్యే కూలిపోయాడు.

ఎవరూ చూడలేదు.

పావుగంటకు ప్రెస్సు ముందు అంబులెన్సు ఆగింది.

“ఇక్కడెవరికీ ఏం కాలేదయ్యా. అడ్రసు తప్పు” అన్నాడు గేటు దగ్గర కాపలాదారు.

“తప్పు కాదు, పెద్దాయనట. చేతికి వాచీ ఉంటుందట. వెతకండి!” అంటూ డ్రైవరు లోపలికి పరుగెత్తాడు.

* * *

గుండెకు రెండుచోట్ల స్టెంట్లు వేశారు.

మర్నాడు మేస్త్రీ కళ్లు తెరిచేసరికి కూతురు వాచీ పట్టుకుని కూర్చుని ఉంది.

“ఇన్నాళ్లూ మీ వివరాలన్నీ ఎవరి ఫోన్లోకో పోతున్నాయి నాన్నా. మీరెక్కడున్నారో కూడా! మొత్తం తుడిచేశాను. ఇక నుంచి నా ఫోన్లోకే వస్తాయి.”

“మంచి పని చేశావమ్మా. పీడ వదిలింది” అన్నాడు నీరసంగా.

ఆ సాయంత్రం ఇంకో రోగిని దింపడానికొచ్చిన అంబులెన్సు డ్రైవరు వార్డులోకి తొంగిచూశాడు.

“బాగున్నారా మేస్త్రీ గారూ? ఆ పెద్దావిడ ఎవరండీ, మీ అక్కగారా?”

“ఏ పెద్దావిడ?”

“మాకు ఫోన్ చేసినావిడ. మీరు దొరికేదాకా లైన్లోంచి కదల్లేదు. ‘దొరికాడా? ఇంకా కొట్టుకుంటోంది, తొందరగా వెతకండి’ అని ఒకటే ఏడుపు.”

“ఆవిడ ఎక్కడుంటారో చెప్పు బాబూ” అన్నాడు మేస్త్రీ. కూతురు తల దించుకుంది.

ఫోను చేసినప్పుడు ఆవిడ చెప్పిన చిరునామా డ్రైవరు కాగితం మీద రాసిచ్చాడు.

డాక్టరు కదలనిచ్చేసరికి పది రోజులు పట్టింది. ఆ మర్నాడే తండ్రీ కూతుళ్లు వెతుక్కుంటూ వెళ్లారు. తలుపు తీసిన ముసలాయన మేస్త్రీని తేరిపార చూసి, విషయం వినగానే దగ్గరికొచ్చాడు.

“మీరు... బతికే ఉన్నారా!”

“మీ ఇంట్లో ఆవిడ చలవేనండీ. ఆవిడ నర్సా? నోటికొచ్చినట్టు తిట్టాను. ఒక్కసారి కాళ్లకు దండం పెట్టుకుని పోతాను.”

“నర్సు కాదు బాబూ, బట్టలు కుట్టేది. ఇప్పుడు మంచం దిగట్లేదు. అంబులెన్సు పంపిన మర్నాటి నుంచి ఫోన్లో గుండె గీత పోయింది. మీరు పోయారనే అనుకున్నాం.”

“అది నేనే తుడిచేశాను బాబాయి గారూ” అంది కూతురు. “మళ్లీ కనిపించేలా పెడతాను.”

“పెట్టినా గీత పైన మా వాడి పేరు రాదు కదమ్మా” అన్నాడాయన మెల్లగా. “కిందటేడు మా అబ్బాయి పోతే, వాడి సామాను చూడలేక వాచీతో సహా నేనే షాపులో ఇచ్చేశాను. వాడి ఫోను మాత్రం ఇవ్వనివ్వలేదు, దాని లైను తీయించనివ్వలేదు వాళ్లమ్మ. ఒకరోజు పొద్దున ఆ ఫోను పట్టుకుని వీధిలోకి పరుగెత్తుకొచ్చింది, ‘ఏవండీ, మన వాడి గుండె మళ్లీ కొట్టుకుంటోంది’ అని.”